ఆవడి ట్యాంకుల ఫ్యాక్టరీ: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని చెన్నై ఆవడిలో దిగే కుర్రాళ్లు, ఇక్కడి ఫ్యాక్టరీ గురించి చాలానే వినొస్తారు. అందులో సగం నిలవదు.

అపోహ: ట్యాంకు డిజైన్ నుంచి తూటా దాకా అన్నీ ఇక్కడే.

1961లో పెట్టిన హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ చేసేది తయారీ, ఓవర్‌హాల్. డిజైన్ దాని పని కాదు. 1965లో ఇక్కణ్నుంచి బయటికొచ్చిన విజయంత డిజైన్ బ్రిటన్‌లోని వికర్స్ వాళ్లది. అజేయ అని మనం పిలిచే టీ-72, భీష్మ అనే టీ-90 రష్యావి. అర్జున్ మాత్రం మనదే, కానీ గీసింది ఆవడిలోనే ఉన్న డీఆర్‌డీఓ ల్యాబ్ సీవీఆర్‌డీఈ. రష్యన్ ట్యాంకుల ఇంజన్లు పక్కనున్న ఇంజన్ ఫ్యాక్టరీవి, 125 ఎంఎం గన్లు కాన్పూర్‌వి. గుండ్లలో మందు నింపే పని ఆవడిలో లేదు. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీ మాత్రం ఉంది!

అపోహ: విడిభాగాలు తెచ్చి బోల్టులు బిగించడమేగా!

ఈ మాట అనేవాళ్లు హల్ (ట్యాంకు కింది ఉక్కు ఒళ్లు) వెల్డింగ్ చూసి ఉండరు. కవచం ఉక్కు మామూలు ప్లేటు లాంటిది కాదు. వెల్డింగ్ వేడి తగిలి చల్లారాక అతుకు పక్కనే సన్నని పట్టీ గట్టిపడి పెళుసుబారుతుంది. ఎలక్ట్రోడ్ పూతలో తేమ ఉంటే అది ఆర్క్‌లో విడిపోయి, హైడ్రోజన్ ఆ పట్టీలోకి దూరుతుంది. వెల్డ్ వేసిన రోజు చూస్తే అతుకు నున్నగా, చక్కగా ఉంటుంది. పగులు ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు. అందుకే చల్లారగానే టెస్ట్ చేసి 'ఓకే' రాయడం ప్రమాదం. 48 గంటలు ఆగి చూడటం మంచి పద్ధతి.

లో-హైడ్రోజన్ ఎలక్ట్రోడ్లను 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు కాల్చి, వేడి పెట్టెలోంచి కావలసినన్నే తీయాలి. అక్టోబరు, నవంబరు వానల్లో చెన్నై గాలికి ప్యాకెట్ విప్పి వదిలేస్తే పూత తేమ పీల్చేస్తుంది. కవచానికి స్టెయిన్‌లెస్ రకం ఎలక్ట్రోడ్ ఎక్కువగా వాడటానికీ ఇదే కారణం: ఆ లోహం హైడ్రోజన్‌ను తనలోనే పట్టి ఉంచుకుంటుంది, పక్క పట్టీకి పోనివ్వదు.

వెల్డ్ చేస్తే హల్ వంకర పోతుంది, అది తప్పదు. కాబట్టి చక్రాలను మోసే చేతులు కూర్చునే బోర్లకు (గుండ్రటి రంధ్రాలకు) ఆఖరి మెషినింగ్ వెల్డింగ్ తర్వాతే. ముందే కొలతకు బోర్ చేసేస్తే వరస తప్పుతాయి.

ఆ చేతుల వెనక ఉండేవి టార్షన్ బార్లు, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు. టీ-72కి ఒక్కో పక్క ఆరు చక్రాలు, మొత్తం 12 బార్లు. చూడటానికి అన్నీ ఒకటే. కానీ ప్రతి బార్‌నూ తయారీలోనే ఒక దిక్కుకు మెలితిప్పి సిద్ధం చేస్తారు, చివర ఎడమో కుడో గుర్తు ఉంటుంది. కుడిది ఎడమకు పెడితే ముందు ఆ చక్రం దగ్గర హల్ కుంగుతుంది, తర్వాత బార్ విరుగుతుంది. బిగించేటప్పుడు పడే చిన్న సుత్తి గాటు కూడా అంతే చేటు, పగులు అక్కణ్నుంచే మొదలవుతుంది.

ఇక ఇంజన్. టీ-72లో 780 హార్స్‌పవర్ వీ-12 డీజిల్ అడ్డంగా కూర్చుంటుంది. దాని శక్తి మధ్య గేర్‌బాక్స్ దాటి రెండు పక్క గేర్‌బాక్సులకు వెళ్లాలి. ఇంజన్ కాళ్ల కింద షిమ్‌లు (సన్నని లోహపు రేకులు) పెట్టి, తీసి, మళ్లీ కొలిచి అలైన్ చేయాలి. తొందరపడితే కప్లింగ్ పళ్లు అరిగి, ఇంజన్ మళ్లీ పైకి లేపాల్సిందే. అర్జున్‌కు ఈ తంటా లేదు, ఇంజన్, ట్రాన్స్‌మిషన్ ఒకే ప్యాక్‌గా పైకొస్తాయి. ఆ రెండూ జర్మనీవన్నది వేరే సంగతి.

అపోహ: అర్జున్ బరువుకు ఇసుకలో దిగబడుతుంది.

మొదటి రకం బరువు 58.5 టన్నులు, నిజమే. కానీ దిగబడటాన్ని తేల్చేది నేల మీద ఒత్తిడి. ట్రాకులు వెడల్పు కాబట్టి అది చదరపు సెంటీమీటరుకు 0.85 కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది. అసలు ఇబ్బంది వంతెనలతో, రైలు రవాణాతో. ట్యాంకు వెడల్పు 3.8 మీటర్లు దాటుతుంది, మామూలు వ్యాగన్‌కు అది మించిన కొలత. అర్జున్ తర్వాతి రకం మార్క్-1ఏ ట్యాంకులు 118కి 2021 సెప్టెంబరులో ఆర్డర్ వచ్చింది, వాటి బరువు 68 టన్నులు. ఆ లెక్క వేరు, వంతెనల బాధ ఇంకా ఎక్కువ.

అపోహ: 2021లో ప్రైవేటుకు అమ్మేశారు.

అమ్మలేదు. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి, 41 ఫ్యాక్టరీలను ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టారు. ఆవడి ఫ్యాక్టరీ, ఇంజన్ ఫ్యాక్టరీ, మన మెదక్ ఎద్దుమైలారం ఫ్యాక్టరీ కలిసి ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లోకి వచ్చాయి. హెడ్డాఫీసు ఆవడిలోనే. వాటాలన్నీ కేంద్రానివే. పాత ఉద్యోగులను డిప్యుటేషన్ మీద కొత్త కంపెనీలకు పంపినట్టు లెక్కగట్టారు. తేడా అల్లా, ఇప్పుడు ప్రతి కంపెనీకీ సొంత బ్యాలెన్స్ షీటు ఉంది.

అపోహ: అప్రెంటిస్‌గా చేరితే ఉద్యోగం ఖాయం.

ఖాయం కాదు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం, ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యత సంస్థకు లేదు. దక్కేది స్టైపెండ్, పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్. 'లోపల మనవాళ్లున్నారు' అని డబ్బు అడిగేవాడికి రూపాయి ఇవ్వొద్దు. నోటిఫికేషన్ కంపెనీ వెబ్‌సైట్‌లో వస్తుంది, అందులో ట్రేడ్, వయసు, ఆఖరి తేదీ చూసుకుని నేరుగా అప్లై చేసుకోండి.