గానం: బృందం – ఊరి పాటలో పాడినవారి పేరు ఎక్కడ జారిపోయింది?

జాతరల రోజులు దగ్గరపడేసరికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్త వీడియో పాటలు వరుసగా విడుదలవుతాయి. వాటి వెంటే పాత తగువు కూడా తిరిగి లేస్తుంది. ఊరి పాట ఒకటి యూట్యూబ్ ద్వారా జనం నోట పడుతుంది, అందులో ఆడిన అమ్మాయి ముఖం ఫ్లెక్సీల మీదికెక్కుతుంది, పాట పుట్టుపూర్వోత్తరాలు అడిగితే మాత్రం 'సాహిత్యం: జానపదం' అన్న ఒక్క ముక్కే జవాబుగా కనిపిస్తుంది. ఇప్పుడు మళ్లీ అదే జరుగుతోంది. పాట ఎవరిదన్న ప్రశ్న చుట్టూ నిర్మాతలు, గాయకులు రెండు పక్షాలుగా వాదించుకుంటున్నారు గానీ, అసలు చిక్కు పాడినవారి పేరు ఎక్కడ వేయాలి, ఎవరి పేరు వేయకపోయినా ఫరవాలేదు అన్న ఆనవాయితీలో ఉంది. 2012 కాపీరైట్ చట్ట సవరణతో ఆ ఆనవాయితీ గాయకుల హక్కుకే గీటురాయి అయింది. ఆ సంగతి పట్టించుకోకుండా నేటి వివాదంలో ఏ పక్షం మాట న్యాయమో తేల్చలేము.

గ్రామఫోను నాటి కథ ఈ ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల వెలియడం, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు కావడం, ఘంటసాల అక్కడ చదువుకోవడం, పి. సుశీల ఆ ఊళ్లోనే పుట్టడం అందరికీ తెలిసినవే. మన విషయానికి పనికొచ్చేది అందులో ఒక్కటే ఉంది. సినిమాతో సంబంధం లేని లలితగీతాలు రికార్డులుగా వచ్చిన రోజుల్లో ఆ రికార్డులు గాయకుల పేరు మీదే అమ్ముడుపోయేవి. సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు, గాయని రావు బాలసరస్వతీదేవి కలిసి పాడిన పాటలకు వారి పేర్లే ఆకర్షణ. కొన్నవారిలో చాలామంది వారి ముఖం చూసి ఎరగరు. సినిమా వచ్చాక ఈ వరస తిరగబడింది. 1949లో వచ్చిన 'మహల్' హిందీ చిత్రంలోని ప్రసిద్ధమైన పాట రికార్డు మీద మొదట లతా మంగేష్కర్ పేరు లేదు, తెర మీది పాత్ర పేరు 'కామిని' అనే వేశారు. పాడిందెవరని శ్రోతలు పట్టుబట్టి అడిగిన తర్వాతే అసలు పేరు బయటికొచ్చింది. నేపథ్య గాయకులు ఆ గౌరవాన్ని అలా తిరిగి తెచ్చుకోగలిగారు. ఊరి గాయకులకు ఆ బలం లేదు, వారి తరఫున రికార్డు కంపెనీతో మాట్లాడే మనిషీ లేడు.

వారి గడప దాకా రికార్డింగు వచ్చింది క్యాసెట్ రూపంలోనే. మా ఇంట్లో పాత రేకుపెట్టెలో దొరికిన ఒక క్యాసెట్ అట్ట ఇది రాస్తున్నప్పుడు నా ముందే ఉంది. పైన అమ్మవారి బొమ్మ, పక్కన చంకలో కుండ పెట్టుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి ఫొటో ఉన్నాయి. మడత విప్పితే లోపల ఎ వైపు అయిదు పాటలు, బి వైపు అయిదు పాటలు, వాటి కింద తయారుచేసినవారి పేరు, వీధి, పిన్‌కోడ్, 1996 అన్న సంవత్సరం, అన్నీ స్పష్టంగా అచ్చయ్యాయి. అట్ట చివరి అంచున, మడత దగ్గర సగం చెరిగిపోయి, 'గానం: బృందం' అని ఉంది. క్యాసెట్ వేసి వింటే మొదటి పాట అంతా ఒక్క స్త్రీ గొంతే నడిపిస్తుంది. చరణం చివర ఊపిరి అందక ఒక్క క్షణం ఆగి, 'ఓలమ్మా' అంటూ మళ్లీ అందుకుంటుంది. ఆ ఆగడంలో వెనక జమిడిక అనే జానపద వాద్యం తీగ మోత ఒక్కటే వినిపిస్తుంది. పది పాటల్లో ఏడు ఆమెవే. ఆమె పేరు అట్ట మీద ఎక్కడా లేదు.

అచ్చువేసినవారి అజాగ్రత్త అని దీన్ని కొట్టిపారేయలేం. దొంగ క్యాసెట్లు విపరీతంగా పెరిగిన రోజుల్లో, వాటిని అరికట్టడానికి 1984లో కాపీరైట్ చట్టానికి సవరణ చేసి 52ఎ అనే సెక్షన్ చేర్చారు. రికార్డు మీద, దాని పెట్టె మీద మూడు వివరాలు తప్పనిసరి అని అది చెబుతుంది. రికార్డు తయారుచేసినవారి పేరు, చిరునామా ఒకటి, కాపీరైట్ యజమాని పేరు, చిరునామా రెండోది, మొదట విడుదలైన సంవత్సరం మూడోది. పాడినవారి పేరు ఆ జాబితాలో లేదు. పేరున్న గాయకులైతే సరుకు అమ్ముడుపోవడం కోసం వేశారు, పేరులేనివారిని 'బృందం' అని సరిపెట్టారు. నా దగ్గరున్న అట్ట చట్టం అడిగినవన్నీ పొల్లుపోకుండా పాటించింది.

1994 సవరణతో ప్రదర్శకుల హక్కు అనేది మన చట్టంలోకి వచ్చింది. ప్రదర్శకులంటే గాయకులు, వాద్యకారులు, నటులు, నర్తకులు మాత్రమే కారు, గారడీవారు, పాములాడించేవారు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు. జముకు వాద్యం మోగిస్తూ జముకుల కథ చెప్పేవారికీ, గుండెల మీద తప్పెట కట్టుకుని తప్పెటగుళ్లు ఆడేవారికీ అందులో చోటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. మొదట 25 ఏళ్లుగా ఉన్న ఆ హక్కు గడువును 1999లో 50 ఏళ్లకు పెంచారు. అయినా పేరు సంగతి అప్పటికీ తేలలేదు.

2012 సవరణ దాన్ని తేల్చింది. నా దృష్టిలో మొత్తం కథ మలుపు తిరిగింది ఇక్కడే. తన ప్రదర్శనకు తనను ప్రదర్శకునిగా గుర్తించమని కోరే హక్కును 38బి సెక్షన్ గాయకులకు ఇచ్చింది. డబ్బు తీసుకుని మిగతా హక్కులన్నీ రాసిచ్చేసినా ఈ హక్కు పోదు. అయితే అదే సవరణ ప్రదర్శకుల నిర్వచనానికి ఒక మినహాయింపును కూడా చేర్చింది. సినిమాలో ఒకరి ప్రదర్శన యాదృచ్ఛికమైనదీ అప్రధానమైనదీ అయి ఉండి, పరిశ్రమ వాడుకలో అలాంటివారి పేరు ఎక్కడా వేయడం లేదంటే, ప్రదర్శనను వక్రీకరించినప్పుడు అభ్యంతరం చెప్పే సందర్భంలో తప్ప, వారిని ప్రదర్శకులుగానే పరిగణించనక్కరలేదు. చట్టం దృష్టిలో వీడియో పాట కూడా సినిమా కిందికే వస్తుంది. ఈ నిబంధనను ఒకసారి నిదానంగా చదివితే, ఏళ్ల తరబడి 'బృందం' అని రాస్తూ వచ్చిన అలవాటు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. మా పేరు వేయండి అని వంతపాట పాడేవారు అడిగితే కీర్తికోసం తాపత్రయమని తేలిగ్గా మాట్లాడేవారున్నారు. పేరు వేయని అలవాటే రేపు వారు కళాకారులు కారనడానికి ఆధారంగా చూపే వీలుందని ఆ మాట అనేవారు గమనించడం లేదు.

జముకుల కథలో కథకునికి, వంతలకు మధ్య తెర లేదు. ఊరి మధ్య రాత్రంతా ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు జముకు చంకలో బిగించి పట్టినవారెవరో, తాళం అందుకున్నవారెవరో, వారిది ఏ ఊరో, ఎవరి దగ్గర నేర్చారో వినేవారికి తెలుస్తూనే ఉంటుంది. గొంతు, ముఖం, పేరు ఒక్కచోటే ఉండేవి. వీడియో పాట వాటిని విడదీసింది. ముందు కనిపించే బొమ్మ మీద ఆడిన అమ్మాయి, అబ్బాయి ముఖాలు, నిర్మాణ సంస్థ గుర్తు ఉంటాయి. దర్శకుడు, కెమెరా, ఎడిటింగు, నృత్యం పేర్లు తెర మీద పడతాయి. పాడినవారి కోసం కింద వివరణ విప్పి చూడాలి. పాటను ఊరి నుంచి తెచ్చి స్టూడియోలో మరొకరి చేత పాడించినప్పుడు, మొదట పాడి వినిపించినవారి పేరు అక్కడా ఉండదు. ఆడిన పిల్లలను తప్పుపట్టవలసిన పని లేదు, వారూ చట్టం చెప్పిన ప్రదర్శకులే.

నిర్మాతల వాదనలో బలం లేకపోలేదు. పాట ఊరందరిదీ కాబట్టి ఒకరి పేరు వేస్తే మరో పదిమంది వచ్చి మాదేనంటారని, 'జానపదం' అనడమే నిజాయతీ అని వారంటారు. ఖర్చు పెట్టేది తామని, గాయకులకు ఒప్పుకున్న మొత్తం ముందే చెల్లించామని కూడా చెబుతారు. పాట రచన విషయంలో ఆ మాట చాలావరకు సరైనదే. పాడిన గొంతు మాత్రం ఊరందరిదీ కాదు.

రచన విషయంలోనైనా 'జానపదం' అన్న మాటను ఆచితూచి వాడాలి. 2020లో విడుదలైన 'పలాస 1978' చిత్రంలో రఘు కుంచె పాడిన 'నక్కిలీసు గొలుసు' పాట ఉత్తరాంధ్ర జానపదంగా రాష్ట్రమంతా మారుమోగింది. ప్రాంతం పేరు చెప్పడం మర్యాదే, అంతకుముందు చాలామంది అది కూడా చేయలేదు. కానీ ప్రాంతం పేరు మనిషి పేరుకు బదులు కాలేదు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టిన ప్రజాగాయకుడు, రచయిత వంగపండు ప్రసాదరావు పాటలను జానపదాలనుకుని పాడుకునేవారు నేటికీ ఉన్నారు. ఆయన 2020 ఆగస్టు 4న కన్నుమూశారు. రచయిత మరణం తర్వాత 60 ఏళ్ల లెక్కన ఆయన రచనలపై హక్కు 2080 చివరి వరకు ఉంటుంది. తెలియక రాసినా తెలిసి రాసినా, అలాంటి పాట పక్కన 'జానపదం' అని వేస్తే ఆ హక్కును చెరిపేసినట్లే.

ఈసారి తగువు ముదరడానికి యూట్యూబ్ కంటెంట్ ఐడీ కూడా కారణం. 2007లో మొదలైన ఆ ఏర్పాటులో సంస్థ తన రికార్డింగును ముందుగా నమోదు చేసుకుంటే, అదే ధ్వని ఇంకెక్కడ వినిపించినా గుర్తుపట్టి, ఆ వీడియోను ఆపడానికో దాని ఆదాయం తీసుకోవడానికో వీలు కల్పిస్తుంది. పెద్ద సంఖ్యలో రికార్డింగులున్న సంస్థలకే అందులో ప్రవేశం, ఒంటరి గాయనికి లేదు. తాను పాడిన రికార్డింగును తానే సొంత ఛానల్‌లో పెట్టుకుంటే దాని రాబడి సంస్థకు పోతుంది. పేరు లేని గాయని అది తన గొంతేనని ఎవరికి చూపించి నిరూపించుకుంటుంది?

గాయకులు ఇప్పుడు అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. పాట మొదలయ్యేటప్పుడు తెర మీద పాడినవారి పేరు, ఊరు కనిపించాలని, వంతపాట వారి పేర్లు విడివిడిగా వేయాలని, ఒప్పంద పత్రం తెలుగులో రాసి, చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలని అడుగుతున్నారు. నా దగ్గరున్న క్యాసెట్ రికార్డింగు కూడా అట్ట మీదున్న 1996లోనే జరిగిందనుకుంటే, అందులోని ఏడు పాటలపై ఆ గాయని హక్కుకు 2046 చివరి వరకు గడువుంది. ఆమె ఎవరో చెప్పగలిగినవారు సాలూరు, బొబ్బిలి చుట్టుపక్కల ఊళ్లలో ఉండవచ్చు. అట్ట మీది చిరునామాలో మాత్రం ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.