నెలసరికి వాడే బట్ట ప్యాడ్లు: అపోహలు – వాస్తవాలు

అపోహ: బట్ట వాడితే ఇన్ఫెక్షన్ వస్తుంది.

వాస్తవం: ఇబ్బంది చాలావరకు బట్టతో కాదు, చెమ్మతో. ఎవరి కంటా పడకూడదని ఉతికిన ప్యాడ్‌ను తలుపు వెనకో, చీర చాటునో ఆరేస్తారు. పైపొర పొడిగా తగిలినా లోపలి పొరలు తడిగానే ఉంటాయి. అలాగే మడిచి దాస్తే బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. దురద, ఒరుపు, ముక్కవాసన అక్కడే మొదలవుతాయి. ప్యాడ్‌కు ఎండ, గాలి రెండూ కావాలి. తీగ మీద విప్పి, పక్క బట్ట తగలకుండా ఆరేయండి. దీనికి సిగ్గుపడనక్కర్లేదు, పిల్లలకు కూడా ఇదే నేర్పండి.

ఆరిందో లేదో ఇలా చూడండి: ప్యాడ్‌ను మధ్యకు మడిచి, మందంగా ఉన్నచోట వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకోండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. కుట్టు అంచులు అన్నిటికన్నా చివర్లో ఆరతాయి. ముసురు పట్టినప్పుడు ఫ్యాన్ కింద వేయాలి. ఇంట్లోకి ఎండ సరిగా రాకపోతే లోపలి పొర విడిగా తీసే రకమో, పరిస్తే పలుచగా అయ్యే మడత రకమో కొనడం మంచిది.

శుభ్రంగా వాడుతున్నా దుర్వాసనతో తెల్లబట్ట, మంట, జ్వరం ఉంటే ప్యాడ్ మార్చి ఊరుకోకుండా డాక్టర్‌కు చూపించాలి.

అపోహ: ఎంత మందమైతే అంత భద్రం.

వాస్తవం: ఒక నెలసరి మొత్తంలో పోయే రక్తం సాధారణంగా 30–40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధిక రక్తస్రావం కింద లెక్క, దానికి వైద్యం అవసరం. మామూలు స్రావానికి మూడు నాలుగు పొరల కాటన్ ఫ్లానెల్ (మెత్తని నూగు ఉండే నూలు బట్ట) సరిపోతుంది. మరకలు పడటానికి కారణాలు వేరే ఉంటాయి. లోదుస్తులు వదులుగా ఉంటే ప్యాడ్ జరుగుతుంది. పొడవు చాలకపోతే వెనక నుంచి కారుతుంది: పగటికి సుమారు 25 సెంటీమీటర్లు, రాత్రికి 30 పైన తీసుకోండి. ఇక కొత్త బట్ట త్వరగా పీల్చదు. వాడేముందు మూడు నాలుగుసార్లు ఉతికి ఆరేసి, మీద చెంచాడు నీళ్లు పోయండి. వెంటనే ఇంకాలి. బొట్లుగా జారితే మరోసారి ఉతకండి.

కొనేటప్పుడు తిరగేసి కూడా చూడండి. అడుగున నీళ్లు దిగని పీయూఎల్ (ప్లాస్టిక్ లాంటి పూత వేసిన బట్ట) పొర మధ్యగా కుట్లు కనిపిస్తే ఆ సూది రంధ్రాల గుండా తడి బయటికొస్తుంది. కుట్టు అంచుల్లోనే ఉండాలి.

అపోహ: వేడినీళ్లలో వేస్తేనే శుభ్రం.

వాస్తవం: వేడికి రక్తంలోని ప్రోటీన్ గడ్డకట్టి నూలుకు పట్టేస్తుంది, మరక ఇక వదలదు. ముందు చల్లనీళ్లలో, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి. అరగంట నానబెట్టి, మామూలు సబ్బుతో రుద్ది, నురగ పూర్తిగా పోయేవరకు కడగండి. మిగిలిన సబ్బు పీల్చుకునే గుణాన్ని తగ్గిస్తుంది, చర్మాన్నీ మండిస్తుంది. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు, అది నూలుకు పూతలా అంటుకుంటుంది. బ్లీచ్, ఇస్త్రీ, మరిగించడం పీయూఎల్ పొరను పాడుచేస్తాయి. లేత మరక మిగిలినంత మాత్రాన ప్యాడ్ మురికిగా ఉన్నట్టు కాదు.

అపోహ: బయటికెళ్తే వాడలేం, వాసన వస్తుంది.

వాస్తవం: నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, స్రావం ఎక్కువుంటే ఇంకా ముందే మారిస్తే వాసన ఇబ్బంది ఉండదు. వాడినదాన్ని లోపలికి మడిచి, రెక్కల టిచ్ బటన్లు పెట్టి, తడి బయటికి రాని సంచిలో వేయండి. ఇంటికి రాగానే జాడించాలి. సంచిలోనే రోజంతా వదిలేస్తే ఉతికినా వాసన పోదు.

అపోహ: ఒకసారి కొంటే ఎన్నేళ్లైనా వాడొచ్చు.

వాస్తవం: జాగ్రత్తగా వాడితే కొన్నేళ్లు వస్తాయి. అడుగు పొర పగుళ్లిచ్చినా, బటన్ నిలవకపోయినా, ఎంత ఉతికినా వాసన వదలకపోయినా తీసేయండి. ఉతికినది ఆరేలోపు మరోటి చేతిలో ఉండాలి కాబట్టి ఎనిమిదికి తగ్గకుండా ఉంచుకోండి. వానల్లో అవీ చాలవు, మరో రెండు కలపండి.