తీరం కోత: అలను కాదు, ఇసుక లెక్కను చూడాలి

తీరం కోత అనగానే అందరి చూపూ అల మీదికే పోతుంది. అల కొట్టింది, ఒడ్డు కూలింది. కళ్లకు కనిపించేది అదే మరి. కానీ అవే అలలు వందల ఏళ్లుగా కొడుతున్నా నిలబడిన తీరం, ఫలానా దశాబ్దం నుంచే ఎందుకు కరగడం మొదలుపెట్టిందని అడిగితే అల దగ్గర జవాబు దొరకదు. ఇసుక లెక్క తియ్యాలి. నదులు తెచ్చే ఒండ్రు, పక్క తీరం నుంచి కొట్టుకొచ్చే ఇసుక, కూలిన చరియల మట్టి, గవ్వల పొడి... ఇవన్నీ జమ. లోతు నీళ్లలోకి జారేది, పక్కకు సాగిపోయేది, గాలికి లోపలికి ఎగిరేది, మనుషులు తవ్వుకుపోయేది ఖర్చు. జమ తగ్గితే ఆ లోటును అల ఒడ్డులోంచే లాక్కుంటుంది.

అల బలం దాని ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2 మీటర్ల అలలో 1 మీటరు అలకు నాలుగింతల శక్తి ఉంటుంది. అయితే నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గగానే అల విరుగుతుంది. కాబట్టి తీరం ముందు సముద్రపు అడుగు చదునుగా, వాలు తక్కువగా ఉంటే పెద్ద అల దూరంలోనే విరిగి, ఒడ్డుకు చేరేసరికి నీరసిస్తుంది. వెడల్పైన ఇసుక తిన్నెను మించిన రక్షణ గోడ లేదనేది ఇందుకే.

తుపాను సమయంలో పొట్టి తరంగదైర్ఘ్యంతో నిటారుగా లేచే అలలు ఒడ్డు ఇసుకను లాక్కెళ్లి, కొంత దూరంలో నీటి అడుగున తిన్నెగా పోస్తాయి. తర్వాతి అలలు ఆ తిన్నె మీదే విరుగుతాయి. వాతావరణం కుదుటపడ్డాక పొడవైన, ఎత్తు తక్కువున్న అలలు అదే ఇసుకను మెల్లగా తిరిగి తెచ్చి పోస్తాయి. అంటే ఒక్క తుపానుకు ఒడ్డు 15 మీటర్లు తగ్గితే అది శాశ్వత నష్టం కాకపోవచ్చు. ఇక్కడే కొలతలు తప్పుతాయి. ఒక ఏడు ఎండాకాలంలో, మరో ఏడు తుపాను కాలంలో కొలిచి రెంటినీ పోలిస్తే, కనిపించేది ఋతువుల తేడాయే తప్ప కోత కాదు. నీటి అంచును కొలవడమూ అంతే ప్రమాదం. 50 మీటర్లకు 1 మీటరు వాలున్న ఒడ్డున నీటిమట్టం 20 సెంటీమీటర్లు మారితే చాలు, అంచు 10 మీటర్లు జరిగిపోతుంది. ఒడ్డుకు లోపల కదలని రాయినో స్తంభాన్నో గుర్తుగా పెట్టుకుని, అక్కడి నుంచి మొక్కలు మొదలయ్యే గీత దాకా ఏటా అదే నెలలో కొలవాలి. కనీసం పదేళ్ల కొలతలు లేనిదే సగటు చెప్పకపోవడం మంచిది.

ఖర్చులో పెద్ద పద్దు పక్కకు సాగే ఇసుక. అల ఏటవాలుగా వచ్చి రేణువును ఐమూలగా పైకి నెడుతుంది. వెనక్కి జారే నీరు దాన్ని నేరుగా కిందికి దించుతుంది. ప్రతి అలకూ రేణువు కొంచెం కొంచెంగా పక్కకు నడుస్తుంది. చాలా తీరాల్లో ఏడాదికి లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఇలా కదులుతుంది. దీనికి అడ్డంగా సముద్రంలోకి రాతి కట్ట వేస్తే ఇసుక వచ్చే వైపు మేట వేస్తుంది, అవతలి వైపు ఆకలితో ఒడ్డు కరుగుతుంది. చెన్నై ఓడరేవు దీనికి పాఠ్యపుస్తకాల్లోకెక్కిన ఉదాహరణ. అక్కడ ఇసుక నడక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి. 1876లో కట్టల పని మొదలయ్యాక దక్షిణాన మెరీనా వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది.

నది దగ్గర జమ ఆగిపోతే ఏమవుతుందో నైలు డెల్టా చూపింది. 1970లో అస్వాన్ హై డ్యామ్ పూర్తయ్యాక, అంతకుముందు ఏటా 10 కోట్ల టన్నులకు పైగా వచ్చే ఒండ్రు దాదాపు మొత్తం జలాశయంలోనే దిగిపోయింది. నైలు పాయల్లో ఒకటి కలిసే రషీదు (రోసెట్టా) దగ్గర సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొన్నేళ్లలో ఏటా పదుల మీటర్లు వెనక్కి పోయింది. డెల్టాలకు ఇంకో బలహీనత ఉంది: మెత్తటి ఒండ్రు తన బరువుకు తానే కుంగుతుంది. కొత్త ఒండ్రు పైన పడకపోతే కుంగుదల పూడదు. భూగర్భజలం తోడితే అది ఇంకా వేగమవుతుంది.

రాతి తీరాల కథ వేరు. గట్టి గ్రానైటు ఏడాదికి మిల్లీమీటరు కూడా అరగకపోవచ్చు. ఇంగ్లండులోని హోల్డర్‌నెస్ తీరం మాత్రం హిమనదాలు వదిలిన బంకమట్టి. అది సగటున ఏటా 2 మీటర్ల దాకా పోతుంది. అల అడుగున గుల్ల చేస్తుంది, వాన నీరు లోపల ఇంకి బరువు పెంచుతుంది, చివరికి పై భాగం ఒక్కసారిగా జారుతుంది. కూలిన మట్టి కొన్నాళ్లు అడుగును కాపాడుతుంది. దాన్ని అలలు ఎత్తుకుపోయాక మళ్లీ మొదలు. కాబట్టి ఏటా 2 మీటర్లు అంటే ఏటా అంతే పోతుందని కాదు. మూడేళ్లు ఏమీ కదలక, నాలుగో ఏట 8 మీటర్లు పోయినా సగటు అంతే వస్తుంది.

వీటన్నిటి మీదా సముద్రమట్టం పెరుగుదల. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటు మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. మట్టం ఎంత పెరిగితే ఇసుక తీరం దానికి 50 నుంచి 100 రెట్లు వెనక్కి జరుగుతుందని తీర ఇంజినీరు పెర్ బ్రూన్ సూత్రం నుంచి వచ్చే మోటు అంచనా. 20 సెంటీమీటర్లకు 10–20 మీటర్లన్నమాట. ఇసుక పక్కకు కదలదనుకుంటేనే ఈ సూత్రం చెల్లుతుంది. రేవు కట్టకు పక్కనున్న ఊళ్లో దీన్ని వాడి అంకె చెప్పేవాళ్లను నమ్మకండి.

గోడ కడితే వెనకనున్న రోడ్డు కొన్నాళ్లు నిలుస్తుంది, ముందున్న ఇసుక నిలవదు. అల గోడకు కొట్టుకుని వెనక్కి మళ్లి పునాది దగ్గర తవ్వుతుంది. పునాది లోతు చాలకపోయినా, రాళ్ల కింద ఇసుకను పట్టి ఉంచే వడపోత పొర వెయ్యకపోయినా రాళ్లు కుంగిపోతాయి. గోడ ఆగిన చోట పక్క నేలకు కోత పెరుగుతుంది. అక్కడివాళ్లు మరో గోడ అడుగుతారు. బయటి నుంచి ఇసుక తెచ్చి పోయడం ఇంతకంటే మేలు. అయితే తెచ్చిన ఇసుక రేణువు అక్కడి రేణువంత లావైనా, అంతకు మించైనా ఉండాలి, సన్నదైతే త్వరగా కొట్టుకుపోతుంది. అయినా లోటు అలాగే ఉంటుంది గనుక కొన్నేళ్లకోసారి మళ్లీ పోయాల్సిందే. నెదర్లాండ్స్ 2011లో ఒకేచోట 2 కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుక గుట్టగా పోసి, పంచే పనిని అలలకే వదిలింది.

కొన్నిచోట్ల జరిగిపోవడమే చౌక. అమెరికాలో కేప్ హాటెరస్ దీపస్తంభాన్ని 1870లో కట్టినప్పుడు సముద్రం సుమారు 450 మీటర్ల దూరంలో ఉండేది. ఇసుక పోశారు, అడ్డుకట్టలు వేశారు, సముద్రం ఆగలేదు. చివరికి 1999లో స్తంభాన్ని పట్టాల మీద 880 మీటర్లు లోపలికి జరిపారు.

కొత్త కట్టడానికి దూరం లెక్కేసేటప్పుడు ఏటా కోత సగటును కట్టడం ఆయుష్షుతో గుణించి, ఒక పెద్ద తుపానుకు పోయే వెడల్పు కలపాలి. ఏటా 1.5 మీటర్లు, 60 ఏళ్లు అయితే 90. తుపానుకు 20 కలిపితే 110 మీటర్లు. దీనికి మట్టం పెరుగుదల వాటా అదనం. ఇసుక వచ్చే వైపున ఈ మధ్యే కొత్త రేవు కట్ట వెలిసినా, నది మీద కొత్త ఆనకట్ట పడినా పాత సగటు పనికిరాదు. ఆ తర్వాతి కొలతలతోనే మళ్లీ మొదలుపెట్టాలి.