ఎండ చూసి అప్పు ఇవ్వరు: సోలార్ పెట్టుబడిపై అపోహలు - వాస్తవాలు

సోలార్ ప్రాజెక్టుల బ్యాంకు లోన్ ఫైళ్లు తయారు చేయడం నా పని. మహబూబ్‌నగర్, నల్లగొండల్లో ఎక్కడికి పోయినా ఒకటే మాట: "మా దగ్గర ఎండకు కొదవా సార్? కంపెనీలు వాటంతటవే వస్తాయి."

అపోహ: ఎండ, భూమి ఉంటే పెట్టుబడి వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. బ్యాంకు అడిగేది కరెంటు కొనేదెవరు, ఎన్నేళ్లు కొంటారు, బిల్లు ఎప్పుడు కడతారు, కట్టకపోతే దారేంటి అని. సోలార్‌లో ఖర్చంతా ముందే పెట్టాలి, రాబడి పాతికేళ్లు కొద్దికొద్దిగా వస్తుంది. కరెంటు కొనే డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) బిల్లు కట్టడం ఆరు నెలలు ఆపినా బ్యాంకు కిస్తీ ఆగదు. ఆ భయం ఉన్నచోట వడ్డీ పెరుగుతుంది, లేదా అసలు లోన్ పుట్టదు. జర్మనీలో ఎండ మనకన్నా చాలా తక్కువ. అయినా 2000లో తెచ్చిన చట్టం 20 ఏళ్ల పాటు ధరకు హామీ ఇచ్చింది, ప్యానెళ్లు ఇళ్ల కప్పులెక్కాయి. మధ్యప్రదేశ్‌లోని రేవాలో 750 మెగావాట్లకు 2017లో వేలం వేస్తే, చెల్లింపులకు రాష్ట్రం గ్యారంటీ ఉండటంతో మొదటి ఏడాది ధర యూనిట్‌కు రూ.2.97కు దిగింది. 2019లో ఆంధ్రప్రదేశ్ పాత ఒప్పందాల ధరలను తిరగదోడింది. ఒప్పందంలో ఉన్న ధరే కట్టాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పేదాకా కంపెనీలు కోర్టు చుట్టూ తిరిగాయి.

ఈ అపోహకు మూల్యం కట్టేది రైతే. దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన పాలిథీన్ కవర్లో లీజు కాగితం తెచ్చి చూపించాడు. "ప్రాజెక్టు మొదలైన నాటి నుంచి కౌలు" అని ఉంది. ఎప్పుడు మొదలవుతుందో తేదీ లేదు. లీజు రాయించుకున్న ఏజెంటుకు డిస్కంతో ఒప్పందమే లేదు. చేను మాత్రం బీడు పడింది. "మరి కంపెనీ వస్తది కదా బిడ్డా?" అని అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు. సంతకానికి ముందు పీపీఏ (కరెంటు కొనుగోలు ఒప్పందం) కాపీ అడగండి. ఇన్ని నెలల్లో పని మొదలుకాకపోతే లీజు రద్దు అని రాయించండి.

అపోహ: రైతులకు సోలార్ కోసం కేంద్రం తెచ్చిన పీఎం-కుసుమ్ పథకంలో అన్నిటికీ సబ్సిడీ ఉంటుంది.

పంపుసెట్లకు ఉంది. పొలంలో ప్లాంటు పెట్టి డిస్కంకు అమ్మే 'ఎ' కాంపోనెంట్‌లో పెట్టుబడి సబ్సిడీ లేదు, ప్రోత్సాహకం డిస్కంకు పోతుంది.

అపోహ: విదేశీ అప్పు చవక.

డాలర్లలో అప్పు, రూపాయల్లో రాబడి. రూపాయి పడితే ఆ చవక ఎగిరిపోతుంది.

అపోహ: ప్యానెళ్లు పెడితే వానలు పడవు.

ఉత్త పుకారు. దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

అపోహ: సంతకం పెట్టేశాం, ఇక చేసేదేమీ లేదు.

టెన్షన్ పడకండి. ముందు కాగితం వకీలుకు చూపించండి. గడువే రాయని లీజుకు నోటీసు ఇవ్వొచ్చేమో ఆయన చూస్తాడు. అప్పటిదాకా కొత్తగా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకండి, పాస్‌బుక్ ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి.