తాకితే చాలదు, గీరాలి: వేఫర్లను పరీక్షించే స్ప్రింగు సూదులు

చిప్పుల కర్మాగారంలో తయారై వచ్చే సిలికాన్ వేఫర్ 300 మిల్లీమీటర్ల వ్యాసం, ముప్పాతిక మిల్లీమీటరుకు కాస్త పైబడిన మందం ఉన్న గుండ్రని పలక. వందల ప్రక్రియలు దాటి, నెలల తరబడి ప్రయాణించి వచ్చిన ఆ పలక మీద చిప్పులు ఇంకా ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే వరుసలు తీరి ఉంటాయి. పరిమాణాన్ని బట్టి వాటి సంఖ్య కొన్ని పదుల నుంచి వేల దాకా ఉంటుంది. వాటిలో ఏది పనిచేస్తుందో ఏది చేయదో పైకి చూసి చెప్పడం కుదరదు. విద్యుత్తు ఇవ్వాలి, సంకేతం పంపాలి, వచ్చిన జవాబును చదవాలి. అప్పటికి చిప్పుకు కాళ్లు లేవు, తీగలు లేవు. ఉన్నదల్లా ఉపరితలం మీద కొన్ని పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) వెడల్పున్న లోహపు ప్యాడ్లే. కోట్ల రూపాయల ఖరీదు చేసే టెస్టర్‌కూ ఆ ప్యాడ్లకూ మధ్య, పరీక్ష జరిగినంతసేపు మాత్రం తీగల పని చేసి తప్పుకునే పరికరమే ప్రోబ్ కార్డు. దాని అడుగున ఉండే సన్నని స్ప్రింగు సూదులే ఈ వ్యాసానికి విషయం.

వేఫర్‌ను కోయకముందే ఈ పరీక్ష ఎందుకంటే, పాడైన చిప్పును ప్యాకేజీలో బిగించడం దండగ కాబట్టి. ఒకప్పుడు పరీక్షలో తప్పిన చిప్పు మీద సిరాచుక్క పెట్టేవారు. కోత అయ్యాక ఆ చుక్క ఉన్నవాటిని ఏరి పారేసేవారు. ఇప్పుడు ఆ చుక్కకు బదులు కంప్యూటర్‌లో వేఫర్ పటం ఉంటుంది. జ్ఞాపక చిప్పుల విషయంలో ఈ పరీక్ష చేసేది ఏరివేత ఒక్కటే కాదు, వైద్యం కూడా. కంప్యూటర్ల ప్రధాన జ్ఞాపకమైన డీర్యామ్‌లో ముందుగానే కొన్ని అదనపు వరుసలను పెట్టి ఉంచుతారు. పరీక్షలో చెడ్డ వరుస బయటపడితే, లోపలి ఫ్యూజులను మార్చి దాని స్థానంలో మంచిదాన్ని కలుపుతారు. ఇక కృత్రిమ మేధ యంత్రాలకు వాడే హెచ్‌బీఎం జ్ఞాపకాల్లో చిప్పులను ఒకదానిపై ఒకటి పేరుస్తారు. ఒక్కో చిప్పు బాగుండే అవకాశం 99 శాతమే అనుకుంటే, పన్నెండు అంతస్తుల దొంతర మొత్తం బాగుండే అవకాశం 89 శాతానికి దిగుతుంది. అదే 95 శాతమైతే 54 శాతానికి పడిపోతుంది. ఒక్క చెడ్డ చిప్పు తన పైనా కిందా ఉన్న మంచివాటిని కూడా చెత్తబుట్టకు చేరుస్తుంది. పేర్చకముందే ఏది మంచిదో తెలుసుకోవలసిన అవసరం అందుకే ఇంతగా పెరిగింది.

అయితే లోహానికి లోహం ఆనిస్తే విద్యుత్తు దానంతట అదే పారుతుందనుకోవడం పొరపాటు. చాలా ప్యాడ్లు అల్యూమినియంతో చేసినవి. అల్యూమినియం గాలి తగిలిన మరుక్షణమే తన మీద తానే కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర కప్పుకుంటుంది. ఆ పొర గట్టిది; పైగా విద్యుత్తును పోనివ్వదు. సూదిని సుతారంగా ఆనిస్తే టెస్టర్‌కు కనిపించేది తెగిన తీగే. మరోవైపు, ఎంత నున్నగా కనిపించే లోహమైనా సూక్ష్మస్థాయిలో గుట్టలూ మిట్టలే. రెండు లోహాలు కలిసినట్టు కనిపించే చోట నిజంగా తాకేవి కొన్ని బిందువులు మాత్రమే. ప్రవాహమంతా ఆ ఇరుకు దారుల గుండా దూరిపోవాలి. గత శతాబ్దపు తొలి సగంలో రాగ్నార్ హోమ్ అనే శాస్త్రవేత్త ఈ ఇరుకు వల్ల పుట్టే నిరోధాన్ని లెక్కగట్టే మార్గం చూపాడు. ఆ లెక్క ప్రకారం, టంగ్‌స్టన్ సూదికీ అల్యూమినియం ప్యాడ్‌కూ మధ్య ఒక్క మైక్రాన్ వ్యాసార్ధమున్న శుభ్రమైన స్పర్శ దొరికినా చాలు, నిరోధం దాదాపు 20 మిల్లీఓములే ఉంటుంది. అంటే కష్టం వైశాల్యంతో కాదు, శుభ్రతతో. ఒక్క మైక్రాన్ మేర ఆక్సైడును తొలగించగలిగితే పని జరిగిపోతుంది.

ఆ తొలగించే ఉపాయం పాతకాలపు క్యాంటిలివర్ ప్రోబ్ కార్డులో ఎంతో సరళంగా ఉంటుంది, నా దృష్టిలో అందంగా కూడా ఉంటుంది. టంగ్‌స్టన్‌తోనో, రీనియం కలిపిన టంగ్‌స్టన్‌తోనో చేసిన సూదిని కొనదాకా సన్నగా సాగదీసి, కొనను కిందికి వంచి, రెండో చివరను ఎపాక్సీ వలయంలో బిగిస్తారు. వేఫర్‌ను మోసే చక్ కిందనుంచి పైకి లేస్తుంది. ప్యాడ్ సూదిని తాకిన తరువాత కూడా చక్ ఆగదు. మరో 50 నుంచి 75 మైక్రాన్ల దాకా పైకి పోతుంది. ఈ అదనపు కదలికను ఓవర్‌డ్రైవ్ అంటారు. సూది ఒక చివర బిగించిన దూలం కనుక అది పైకి వంగుతుంది. వంగుతున్నప్పుడు దాని కొన నిట్టనిలువుగా లేవలేదు, కాస్త ముందుకు జారుతుంది. ఆ జారుడులో కొన అల్యూమినియంలోకి దిగి, ఆక్సైడును చీల్చుకుంటూ, కింది లోహాన్ని పట్టుకుంటుంది. పరిశ్రమలో దీన్ని స్క్రబ్ అంటారు. తరువాత సూక్ష్మదర్శిని కింద చూస్తే ప్యాడ్ మీద చిన్న చాలు కనబడుతుంది: నాగలి కర్రు దిగినట్టు ఒక వైపు లోతుగా మొదలై, చివర లేచిన మట్టిబెడ్డలా అల్యూమినియం పోగుపడి ఉంటుంది. అనుభవమున్న ఇంజనీరు ఆ గీత పొడవునూ లోతునూ చూసి సూది ఎత్తు సరిగా ఉందో లేదో, పక్కకు జరిగిందో, కొన అరిగిందో చెప్పేస్తాడు.

ఇక్కడ పనిచేసే బలం చాలా చిన్నది. ఒక్కో సూదికి కొద్ది గ్రాములే. కానీ మూడు గ్రాముల బరువు పది మైక్రాన్ల చదరపు కొన మీద పడితే పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 2,900 రెట్లవుతుంది. అంతకు మించి నొక్కితే చిక్కులు మొదలవుతాయి. ప్యాడ్‌లోని అల్యూమినియం పొర ఇంచుమించు ఒక మైక్రాన్ మందమే ఉంటుంది. దాని కింద ఆధునిక చిప్పుల్లో రంధ్రమయమైన, పెళుసైన విద్యుత్ బంధక పొరలు ఉంటాయి, అవి పగిలితే చిప్పే పోతుంది. పైగా ప్యాకేజీలో బంగారు తీగనో రాగి తీగనో అతికించవలసింది కూడా ఇదే ప్యాడ్ మీద. గీతలతో నిండిపోయిన చోట తీగ సరిగా అతుక్కోదు. కనుక గాయం కావాలి, కానీ కొలిచి చేసిన గాయం కావాలి.

ఇంతకూ స్ప్రింగే ఎందుకు? గట్టి మేకులు పెడితే కుదరదా? కుదరదు. వేల సూదుల కొనలన్నింటినీ ఒకే మట్టానికి తేవడం ఎంత నేర్పరికైనా అసాధ్యం. కొన్ని మైక్రాన్ల ఎగుడుదిగుడు తప్పదు. వేఫర్ కూడా అద్దంలా చదునుగా ఉండదు, చక్ కూడా ఉండదు. మేకులైతే అన్నింటికంటే పొడవైన ఒకటి రెండు భారమంతా తామే మోసి ప్యాడ్లను ఛేదిస్తాయి, మిగిలినవి గాలిలో వేలాడతాయి. ప్రతి సూదీ విడిగా వంగగలిగితేనే పొడవైనది కాస్త ఎక్కువ వంగి, పొట్టిది కాస్త తక్కువ వంగి, అన్నీ ప్యాడ్లను చేరతాయి. రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమం ప్రకారం వంపు పెరిగినకొద్దీ బలం పెరుగుతుంది కాబట్టి, ఓవర్‌డ్రైవ్‌ను కొనల మధ్య తేడాల కంటే బాగా ఎక్కువగా ఉంచితే అన్ని సూదుల బలాలూ ఇంచుమించు సమానమవుతాయి.

క్యాంటిలివర్ సూదులను మనుషులు సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా అమర్చేవారు. అవి పక్కనుంచి చాచుకుని రావాలి కాబట్టి, ప్యాడ్లు చిప్పు అంచుల వెంబడి ఉన్నంతకాలమే బాగా పనికొచ్చాయి. ఐబీఎం 1964లో విడుదల చేసిన సిస్టమ్ 360 కంప్యూటర్లతో, చిప్పును బోర్లించి టంకపు బుడిపెలతో పలకకు అతికించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఆ దారి క్రమంగా చిప్పు ముఖమంతా బుడిపెలతో నింపే దాకా సాగింది. అప్పుడు సూదులు పక్కనుంచి కాక నేరుగా పైనుంచే దిగవలసి వచ్చింది. దానికి ఐబీఎంలోనే దొరికిన జవాబు కోబ్రా ప్రోబ్. పడగెత్తిన పాములా కొద్దిగా వంపు తిరిగిన సన్నని తీగను రెండు రంధ్రాల పలకల మధ్య నిలబెడతారు. కిందనుంచి ఒత్తిడి తగలగానే అది పక్కకు ఉబ్బుతుంది. నిలువు స్తంభం ఎంత భారానికి ఇలా పక్కకు వంగిపోతుందో గణితవేత్త ఆయిలర్ 18వ శతాబ్దంలోనే తేల్చాడు. భవనాలు కట్టేవారికి పీడకల అయిన ఆ వంపు ఇక్కడ వరమైంది. ఎందుకంటే ఒకసారి ఉబ్బడం మొదలైన తీగ ఇంకా నొక్కినా దాదాపు అదే బలాన్ని చూపుతుంది. ఎత్తుల్లో తేడా ఉన్నా బలంలో తేడా పెద్దగా రాదు.

తరువాతి మలుపు 1993లో ఐగోర్ ఖాండ్రోస్ స్థాపించిన ఫార్మ్‌ఫ్యాక్టర్ సంస్థతో వచ్చింది. అంతకుముందు ఐబీఎంలో పనిచేసిన ఖాండ్రోస్ ఆలోచన కొత్త యంత్రాన్ని కనిపెట్టడం కాదు, ఉన్న యంత్రానికి వేరే పని అప్పగించడం. ప్యాకేజీ కర్మాగారాల్లో చిప్పు నుంచి కాళ్లకు తీగలు అతికించే వైర్ బాండర్ అప్పటికే అత్యంత వేగంగా, అత్యంత కచ్చితంగా పనిచేస్తోంది. దాంతో పలక మీద సన్నని బంగారు తీగను అతికించి, రెండో చివర ఎక్కడా కలపకుండా గాలిలో ఒంపులు తిప్పి తెంపేశారు. బంగారం మెత్తన, వంచితే వంగినట్టే ఉండిపోతుంది, స్ప్రింగుగా పనికిరాదు. అందుకే ఆ ఒంపుల తీగ మీద విద్యుల్లేపనంతో గట్టి నికెల్ మిశ్రలోహపు తొడుగు వేశారు. ఆకారం బంగారానిది, బలం నికెల్‌ది. లేపనం మందం మారిస్తే స్ప్రింగు బిర్రు మారుతుంది, తీగ ఒంపు మారిస్తే కొన ఎటు గీరాలో మారుతుంది. ఈ రంగంలో ఇంతకంటే పొదుపైన ఆలోచన నాకు కనబడలేదు.

ఆ తరువాత తీగను కూడా వదిలేసి, చిప్పులను ముద్రించే లిథోగ్రఫీతోనే స్ప్రింగులను పొరలు పొరలుగా తయారుచేయడం మొదలైంది. జెరాక్స్ వారి పార్క్ ప్రయోగశాలలో ఇంకో చిత్రమైన దారి పట్టారు: మాలిబ్డినం, క్రోమియం మిశ్రమాన్ని పలుచని పొరగా పరిచేటప్పుడు అడుగున ఒక రకం ఒత్తిడి, పైన దానికి విరుద్ధమైనది ఉండేలా చూస్తే, కింది ఆధారాన్ని కరిగించగానే ఆ పట్టీ దానంతట అదే పైకి చుట్టుకుని లేచి స్ప్రింగుగా నిలబడుతుంది.

లిథోగ్రఫీ స్ప్రింగుల వల్ల డీర్యామ్ వేఫర్ మీద ఉన్న చిప్పులన్నింటినీ ఒకే తాకుడులో పరీక్షించే కార్డులు సాధ్యమయ్యాయి. పదుల వేల కొనలు ఒకేసారి దిగుతాయి. 50,000 కొనలు, ఒక్కోదానికి మూడు గ్రాములు అనుకుంటే మొత్తం 150 కిలోలు. చీమంత సూదుల భారాన్ని మోయడానికి దళసరి ఉక్కు చట్రాలు కావలసి వస్తాయి. ఆ చట్రం కాస్త వంగినా నడుమనున్న సూదులకూ అంచుల్లో ఉన్నవాటికీ మట్టం తప్పుతుంది. దీనికి వేడి తోడవుతుంది. కారులో వాడే చిప్పులను గడ్డకట్టే చలి నుంచి 125 డిగ్రీలకు పైబడిన వేడి దాకా పరీక్షించాలి. వంద డిగ్రీల వేడికి సిలికాన్ వేఫర్ అంచు కేంద్రం నుంచి సుమారు 39 మైక్రాన్లు బయటికి జరుగుతుంది. అదే వేడికి మామూలు సర్క్యూట్ బోర్డు 200 మైక్రాన్ల పైచిలుకు జరుగుతుంది. ప్యాడ్ వెడల్పేమో అరవై మైక్రాన్లు! అందుకే సూదులను నేరుగా బోర్డు మీద కాక, సిలికాన్‌కు దగ్గరగా వ్యాకోచించే పింగాణీ పలక మీద నిలబెడతారు. కిక్కిరిసిన సూదుల నుంచి బోర్డులోని వెడల్పాటి దారులకు తీగలను విప్పార్చే పని కూడా ఆ పలక లోపలి పొరలదే.

స్ప్రింగు రూపశిల్పికి అసలు తలనొప్పి వేరే ఉంది. బాగా వంగాలంటే స్ప్రింగు పొడవుగా ఉండాలి. వేగమైన సంకేతాన్ని చెడకుండా మోయాలంటే పొట్టిగా ఉండాలి. సన్నని తీగకు మిల్లీమీటరుకు ఇంచుమించు ఒక నానోహెన్రీ ప్రేరకత్వం (మారే ప్రవాహాన్ని అడ్డుకునే గుణం) ఉంటుంది; సెకనుకు 500 కోట్ల కంపనాల సంకేతానికి అది 31 ఓముల అడ్డంకి. అయిదు మిల్లీమీటర్ల సూదిలో ఆ సంకేతం గుర్తుపట్టలేనంతగా చెడిపోతుంది. పోనీ పొట్టి చేద్దామంటే, దూలం బిర్రు పొడవు ఘనానికి విలోమంగా మారుతుంది: పొడవు సగమైతే బిర్రు ఎనిమిది రెట్లు. తీగను సన్నబరచి దాన్ని సరిదిద్దవచ్చు. వ్యాసం సగమైతే గుండ్రని తీగ బిర్రు పదహారో వంతుకు పడిపోతుంది. కానీ సన్నని తీగ విద్యుత్ ప్రవాహానికి తట్టుకోదు. పరీక్షకు వచ్చిన చిప్పుల్లో షార్ట్ అయినవి తప్పకుండా ఉంటాయి, వాటిని కనిపెట్టడానికే కదా పరీక్ష. అలాంటి చిప్పు తగిలిన క్షణంలో సూది కొన కాలిపోతుంది. ఒక్క కొన కాలినా కార్డు మరమ్మతుకు వెళ్తుంది, లైను ఆగుతుంది.

కాలకపోయినా మురికి తప్పదు. గీరిన ప్రతిసారీ అల్యూమినియం తునకలు గానీ టంకంలోని తగరం గానీ కొనకు అంటుకుని, ఆక్సైడుగా మారి, స్పర్శ నిరోధాన్ని పెంచుతాయి. అప్పుడు మంచి చిప్పు కూడా చెడ్డదిగా తేలుతుంది. అందుకని వేఫర్‌ను కదిపి సూదులకు ఆనించే ప్రోబర్ యంత్రం నిర్ణీత తాకుడులకొకసారి సూదులను గరుకు పట్టీ మీదో, రాపిడి పొడి కలిపిన మెత్తని పాలిమర్ మీదో దించి శుభ్రం చేస్తుంది. ఎక్కువ శుభ్రం చేస్తే కొనలు అరుగుతాయి, తక్కువ చేస్తే దిగుబడి, అంటే మంచి చిప్పుల శాతం, దొంగలెక్క చెబుతుంది. ఎప్పుడు శుభ్రం చేయాలన్నది ఇప్పటికీ సిద్ధాంతం కంటే అనుభవమే తేల్చే విషయం.

ప్రతి కొత్త చిప్పుకూ కొత్త ప్రోబ్ కార్డు కావాలి. ప్యాడ్ల అమరిక మారితే పాతది పనికిరాదు. కాబట్టి సూది గురించిన నిర్ణయాలు పరీక్ష గదిలో కాక, చాలా ముందుగా, చిప్పును గీసే హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల కార్యాలయాల్లోనే మొదలవుతాయి. హెచ్‌బీఎం చిప్పుల మీద బుడిపెల మధ్య దూరం 55 మైక్రాన్లకు తగ్గింది. అంత సున్నితమైన బుడిపెలను గీరడం ఇష్టంలేక, పరీక్ష కోసమే పెద్ద ప్యాడ్లను విడిగా పెడతారు. ట్రాన్సిస్టర్లు నానోమీటర్లలోకి కుంచించుకుపోయినా ఆ ప్యాడ్లు పదుల మైక్రాన్ల దగ్గరే ఆగిపోయాయి. సూది కొన, అది గీసే గీత, అది తప్పిపోగల దూరం, ఈ మూడూ కలిసి ప్యాడ్ కనిష్ఠ వెడల్పును నిర్ణయిస్తాయి. లక్షల ట్రాన్సిస్టర్లు పట్టే స్థలాన్ని ఒక్క సూదికి ఎందుకివ్వాలని రూపకల్పన బృందం అడుగుతుంది, ఇవ్వకపోతే పరీక్షించలేమని టెస్ట్ బృందం చెబుతుంది; ప్రతి కొత్త చిప్పుతోనూ ఈ బేరం మళ్లీ మొదటికొస్తుంది.