కొట్టు చవకా, పార్సిల్ చవకా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కొట్టులో కూర్చుని అమ్ముతాను, అదే సరుకు పార్సిల్‌లోనూ పంపుతాను. అందుకని రెండు వైపుల మాటలూ నా చెవిన పడుతుంటాయి.

అపోహ: కొట్టు అద్దె లేదు కాబట్టి పార్సిల్ వ్యాపారికి ఖర్చు తక్కువ.

వాస్తవం: అద్దె తప్పినా గోదాము, అట్టపెట్టెలు, ప్రకటనలు, కొరియర్ ఛార్జీలు తప్పవు. కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలాచోట్ల 5000తో భాగిస్తారు. అలా వచ్చిన కిలోల లెక్కా, అసలు బరువూ - ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 50, 40, 30 సెంటీమీటర్ల పెట్టెలో దిండ్లు పెట్టి పంపితే, అవి రెండు కిలోలే తూగినా బిల్లు 12 కిలోలకు పడుతుంది.

అంతకన్నా పెద్ద దెబ్బ వాపసు సరుకు. రానూపోనూ ఖర్చు మనదే, విప్పి చూసి మళ్లీ ప్యాక్ చేయాలి, నలిగితే తగ్గించి అమ్మాలి. బట్టలు, చెప్పుల్లో ఈ బాధ మరీ ఎక్కువ. కొట్టులో అయితే చెప్పు బిగుతుగా ఉందంటే పక్క సైజు తీసిస్తాం, అంతే.

అపోహ: చిన్న కొట్లో ధర ఎప్పుడూ ఎక్కువే.

వాస్తవం: బరువెక్కువ, ధర తక్కువ ఉన్న వస్తువుకు రవాణా ఖర్చే దాని విలువను మించిపోవచ్చు. అది కొట్లోనే చవక. చిన్నగా, తేలిగ్గా, ఖరీదుగా ఉన్నదానికి పార్సిలే నయం. టోకున కొనే పెద్ద సంస్థలకు తయారీదారు ఇచ్చే ధర మాకు ఇవ్వడు, అదీ నిజమే.

అపోహ: ఈ పోటీ ఇంటర్నెట్‌తో వచ్చింది.

వాస్తవం: షికాగోలో ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్ 1872లోనే ఒక్క కాగితం మీద ధరల పట్టిక అచ్చువేసి పల్లె జనానికి సరుకు పంపాడు. 1913లో అమెరికా తపాలా శాఖ పార్సిల్ పోస్టు తెచ్చేముందు ఊళ్లలో వ్యాపారులు గట్టిగానే అడ్డుపడ్డారు. కేటలాగుతోనే పెరిగిన సియర్స్ అనే అమెరికా కంపెనీ, రైతుల ఇళ్లకూ కార్లు వస్తుండటం చూసి 1925లో తనే దుకాణాలు తెరిచింది. పెద్ద కేటలాగును 1993లో ఆపేసింది. కొట్ల కాలం చెల్లిందని ఎవరైనా అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

అపోహ: అడిగిన వస్తువు లేదంటే కొట్టువాడికి శ్రద్ధ లేనట్టే.

వాస్తవం: ఎప్పుడో ఒకరు అడిగే సరుకు అరలో పడి ఉంటే పెట్టుబడి ఇరుక్కుపోతుంది. పాత కుట్టుమిషను విడిభాగం లాంటివి నాలుగు దిక్కుల నుంచీ ఆర్డర్లు వచ్చేవాడికే గిట్టుబాటు. అలాంటివి పోస్టులో తెప్పించుకోమని నేనే చెబుతాను. ఆర్డరు పెట్టేముందు మోడల్ నంబరు మాత్రం మిషను మీదే చూసి రాసుకోండి.