బ్రదర్ ఆల్బర్ట్ 'ఫాదర్' కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గురువిద్యాలయంలో తిరుసభ చరిత్ర చెప్పడం నా పని. పోలండ్‌కు చెందిన పునీత ఆల్బర్ట్ ఖ్మెలోవ్‌స్కీ పాఠం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు "ఆ పెయింటర్ ఫాదర్ గారే కదండీ" అంటారు. ఇంకొందరు పేరు చూసి 13వ శతాబ్దపు జర్మన్ పండితుడు మహా ఆల్బర్ట్‌తో కలిపేస్తారు. ఈయన 1845లో క్రాకోవ్ దగ్గర పుట్టినవాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆదామ్.

అపోహ: ఆయన గురువు, అంటే పూజ చేసే ఫాదర్.

కాదు. గురుపట్టం ఎన్నడూ తీసుకోలేదు. పూజ చేయలేదు, పాపసంకీర్తనలు వినలేదు. 1887లో బూడిదరంగు అంగీ తొడుక్కుని, ఆ మరుసటి ఏడాది క్రాకోవ్ బిషప్ దునయెవ్‌స్కీ ఎదుట మాటపట్టు (సన్యాస ప్రమాణం) ఇచ్చిన ఫ్రాన్సిస్కన్ బ్రదర్ మాత్రమే. చచ్చేదాకా బ్రదర్‌గానే ఉన్నాడు. ఇది చిన్న తప్పులే అని వదిలేయొచ్చు కానీ నేను వదలను. పట్టం లేని మనిషి ఇంత చేశాడంటే, పట్టం లేని మనవాళ్లకు అది వినిపించాలి.

అపోహ: కాలు ఏదో ప్రమాదంలో పోయింది.

యుద్ధంలో పోయింది. రష్యా జార్ పాలన మీద పోలిష్ జనం తిరగబడ్డ 1863లో ఆయన విద్యార్థి. వెళ్లి చేరాడు. మెవ్‌ఖూవ్ దగ్గర పోరులో ఎడమ కాలు నుజ్జయింది, తీసేయాల్సి వచ్చింది. అప్పటికి 18 ఏళ్లు. ఆ తర్వాత జీవితమంతా, పేదల కోసం అన్నం అడిగి తెచ్చిన తిరుగుడంతా, కృత్రిమ కాలితోనే.

అపోహ: పిలుపు వినగానే కుంచె పారేశాడు.

ఇది ఉపదేశాల్లో బాగా చెల్లే కథ. నిజం ఇంత సాఫీగా లేదు. మ్యూనిక్ అకాడమీలో చదువుకుని, వార్సాలో పేరున్న చిత్రకారుల మధ్య పనిచేశాడు. 1880లో జేసుసభ నవశిష్యుల గృహంలో చేరాడు. కొన్ని నెలల్లోనే మనసు తీవ్రంగా దెబ్బతింది. ల్వూవ్ (నేటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్) దగ్గరున్న మానసిక వైద్యశాలలో ఉంచారు, ఆ తర్వాత తమ్ముడి ఇంట్లో నెలల తరబడి దిగులులో ఉండిపోయాడు. ఈ భాగం దాటేయమని నాకు సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేను దాటేయను. ఇది చెప్పిన రోజే క్లాసయ్యాక ఒక కుర్రాడు నా గది దగ్గర ఆగి, "నాకూ రాత్రిళ్లు నిద్ర ఉండదండీ, ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. పునీతుల జబ్బులు దాచిపెడితే ఇలాంటి పిల్లలు ఎవరికి చెప్పుకుంటారు?

కోలుకున్నాక కూడా బొమ్మలు వేశాడు. పోడోలియా ఊళ్లలో తిరుగుతూ గుళ్లలో పాత పటాలు బాగుచేశాడు. క్రాకోవ్‌కు వచ్చాక చిత్రాలు అమ్మిన డబ్బు పేదలకే ఖర్చుపెట్టాడు. 

కొరడా దెబ్బలు తిన్న క్రీస్తును ఆయన గీసిన 'ఎక్సే హోమో' ('ఇదిగో మనిషి') చిత్రం ప్రింటు నా బల్ల మీద ఉంటుంది. ముళ్ల కిరీటం, కట్టేసిన చేతులు, భుజాల మీద ఎర్రని వస్త్రం. ఆ వస్త్రం అంచులు కలిసి హృదయాకారంలో కనిపిస్తాయని చూసినవాళ్లు చెబుతారు. నాకైతే ముందు ఆ ముఖంలోని అలసట కనిపిస్తుంది, కొట్టించుకుని నిలబడ్డ మనిషి అలసట. 1879లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి ముగించలేకపోయాడు. చివరికి ఆర్చ్‌బిషప్ షెప్టిట్‌స్కీకి ఇచ్చేస్తే ల్వూవ్ వెళ్లింది. 1978లో మళ్లీ క్రాకోవ్‌కు, ఆయన స్థాపించిన ఆల్బర్టైన్ సిస్టర్ల దగ్గరకు చేరింది.

అపోహ: ఆయన చేసింది దానధర్మం.

ఈ అపోహ తీయడానికే నేను ఇంత రాస్తున్నాను. క్రాకోవ్‌లోని కజిమియెష్ పేటలో, స్కవిన్‌స్కా వీధిలో నగరపాలక సంస్థ నడిపే ఒక 'వెచ్చని గది' ఉండేది. చలికాలం రాత్రుల్లో ఇల్లు లేనివాళ్లు వచ్చి పొయ్యి చుట్టూ ముడుచుకునే చోటు. తాగుబోతులూ దొంగలూ జబ్బుపడ్డవాళ్లూ అందరూ ఒకచోట. ఆల్బర్ట్ అక్కడికి మూటలు పంపలేదు, తానే వెళ్లి కాపురం పెట్టాడు. 1888లో నగరంతో ఒప్పందం చేసుకుని దాన్ని నడిపే బాధ్యత తీసుకున్నాడు. పడక, వేడి తిండి, చేయగలిగినవాళ్లకు పని చూపించాడు. లోపలికి వచ్చేవాళ్లను మతం, జాతి ఏదని అడగలేదు. ఆకలైనవాడిని చూసి రానిచ్చాడు. తన మాటల్లోనే చెప్పాలంటే మనిషి బల్ల మీది రొట్టెలా ఉండాలి, ఎవరికి ఆకలైతే వాళ్లు ఒక ముక్క కోసుకోవచ్చు.

1891లో ఆడవారి కోసం సిస్టర్ల సభ మొదలైంది; దానికి వెన్నెముక బెర్నర్దీనా యబ్వోన్‌స్కా. ఆల్బర్ట్ చనిపోయేనాటికి 21 ఇళ్లు నడుస్తున్నాయి.

నాటకరంగం వదిలి గురువిద్యకు వచ్చిన యువ వోయ్‌తీవా, అంటే తర్వాతి పోపు రెండవ జాన్ పాల్, తనకు దారి చూపినవాడు ఈయనే అని చెప్పుకున్నారు. 1983లో క్రాకోవ్‌లో ధన్యజీవిగానూ (పునీత పదవికి ముందు మెట్టు), 1989లో పునీతునిగానూ ప్రకటించింది కూడా ఆయనే. ఈ తేదీలు పరీక్షలో వస్తాయని పిల్లలు బట్టీ పడతారు.

అడగనిది ఒకటుంది. ఆయన ఎక్కడ చనిపోయాడని. 1916 డిసెంబర్ 25, క్రిస్మస్ పండుగ రోజు. కడుపులో కేన్సర్. మఠంలోనూ కాదు, బంధువుల ఇంట్లోనూ కాదు. క్రాకోవ్‌లో ఇల్లు లేని మగవాళ్ల ఆశ్రయంలో, తన వాళ్ల మధ్య.